పదికి పది ఇచ్చిన మనిషి

మండికల్‌లో బస్సులు ఆగే చోట కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయనకు కోటు తొడిగారు. నీలం కోటు, ఎర్ర టై. కింద కన్నడంలో 'భావపూర్ణ శ్రద్ధాంజలి', దాని చుట్టూ ఊరి నాయకుల ఫొటోలు, అవి చనిపోయిన మనిషి ఫొటో కంటే పెద్దవి. ఎవరిదో మొండేనికి ఆయన తల అతికించారని చూడగానే తెలుస్తోంది. బతికుండగా ఇది చూసి ఉంటే ఆ ఫ్లెక్సీ వేసినవాణ్ణి పిలిపించి, "ఏమప్పా, నేను యా పొద్దు కోటేసుకుంటిని? నువ్వు యాడ చూస్తివి?" అని జవాబు చెప్పేదాకా వదిలేవాడు కాదు. డ్రిప్ పైపుల ఆర్డరు కోసం చింతామణి నుంచి వచ్చిన నేను మోటారుసైకిలు ఆపి, నోరు తెరుచుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆయన పేరు రాయను. మేం ఏనాడూ ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళం కాదు, ఇప్పుడు కొత్తగా మర్యాద ఎందుకు? మా షోరూంలో ఆయన పేరు 'రిపీటు', అదే రోగంతో మళ్ళీ మళ్ళీ వచ్చే కారును మేం అనే మాట. గేటు దగ్గర ఆయన తెల్లకారు కనిపించగానే లోపల ఒకటే గోల. "రిపీటు వచ్చిండాడు, నువ్వు పో." "నేను పోయినసారి పోయినాను, నువ్వు పో." చివరికి పోయేది నేనే. చిక్కబళ్ళాపురంలో ఒక కార్ల షోరూంలో అప్పట్లో నేను సర్వీస్ అడ్వైజర్ని. అడ్వైజర్ అంటే ఏదో తెలిసినవాడనుకునేరు. కారు సంగతి తెలిసినవాళ్ళు లోపల నూనె చేతులతో పని చేసుకుంటూ ఉంటారు. ఏమీ తెలియనివాడికి ఇస్త్రీ చొక్కా వేసి ముందు నిలబెడతారు. ఆ చొక్కా నాది.

ఆయన అందరిలా కారు తాళం మా చేతిలో పెట్టి వెళ్ళేవాడు కాదు. కారుతోపాటు వర్క్‌షాపులోకి వచ్చేవాడు. భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, రేకుల షెడ్డు నీడలో పరుచుకుని దాని మీద కూర్చునేవాడు. "అప్పా, ఏసీ రూములో కూచోండి, కాఫీ ఇస్తారు" అని బతిమాలేవాణ్ణి. ఆయన మీద ప్రేమతో కాదు, ఆయన చూస్తుంటే మా పనివాళ్ళకు చేతులు ఆడేవి కావు. ఆయన కదిలేవాడు కాదు.

"పసరాన్ని డాక్టరు దగ్గరికి తోలుకొచ్చినోడు దాని పక్కన నిలబడతాడా, హోటల్లో కూచుని కాఫీ తాగుతాడా? నువ్వే చెప్పు."

నేను ఇంగ్లీషు ముక్క ఏదైనా అంటే ఎడమ కన్ను మూసేవాడు. సెన్సార్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, అబ్జర్వేషన్ అని నేను వల్లించినంతసేపూ ఆ కన్ను మూతబడే ఉండేది. నా పాఠం అయ్యాక తెరిచి, "ఇప్పుడు మనుషుల మాటలో చెప్పు నాయినా" అనేవాడు. మనుషుల మాటలో చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఆ కారుకు ఏమైందో మాలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న పట్టింపు కూడా లేదు.

కారు రోగం ఒకటే. నలుగురు కూర్చుని, మంచి ఎండలో మిట్ట ఎక్కుతున్నప్పుడు ఉన్నట్టుండి ఇంజను ఆగిపోయేది. పది నిమిషాలు అలా వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. షోరూముకు తెచ్చేసరికి బుద్ధిమంతురాలు. కంప్యూటరు తగిలిస్తే అంతా పచ్చగా చూపించేది. మేం టెస్ట్ డ్రైవ్ అని చెప్పి బైపాస్ దాకా తోలుకెళ్ళి, టీ తాగి, సిగరెట్టు కాల్చి, తిరిగొచ్చి 'రోడ్డు మీద బాగానే ఉంది' అని రాసేవాళ్ళం. చిక్కబళ్ళాపురం బైపాస్‌లో మిట్ట యాడిది? ఒకసారి ఆయనే అన్నాడు.

"మీరు టీ అంగడి దాకా పోయొస్తాండారు. టీ అంగడికి నా కారు బాగానే పోతుందప్పా. నేను కారు కొన్నది టీ తాగేదానికా? నలుగురిని ఎక్కించుకొని మిట్ట ఎక్కించండి. కావాలంటే ఎక్కి కూచునేదానికి మా ఇంట్లోవాళ్ళని పిలుచుకొస్తా."

ఆ మాట మధ్యాహ్నం భోజనాల దగ్గర చెబితే మా మేనేజరు పొరపోయేలా నవ్వాడు. నేనూ నవ్వాను. మేనేజరు నవ్వితే నవ్వాలి కదా, జీతంలో అదొక భాగం.

ఇంకో మాట చాలాసార్లు అనేవాడు. "పసరాల పరుసలో ఆవును కొంటే మూడు పూటలు పాలు పిండి చూసుకుంటాము. తన్నేదైతే తన్నుతుందని చెప్పి అమ్మాల. చెప్పకుండా అమ్మినాడా, వాని ఇంటికే వెనక్కి తోలేస్తాము, వాడు మారుమాట లేకుండా పట్టుకోవాల. ఇంతింత అద్దాలు పెట్టి షాపు కట్టినారే, పసరాల దళారికి ఉండే నీతి మీకు లేదా?" దీన్ని మేం పల్లెటూరి వేదాంతం అనుకున్నాం. తర్వాత వినియోగదారుల చట్టం నా మెడకు చుట్టుకున్నప్పుడు చదివి చూస్తే, వంద కాగితాల్లో వాళ్ళు చెప్పిందీ దాదాపు ఇదే. లోపం ఉన్న వస్తువు అంటగడితే అమ్మినవాడూ తయారుచేసినవాడూ ఇద్దరూ జవాబు చెప్పాలి. బాగుచేయాలి, కాకపోతే మార్చి ఇవ్వాలి, అదీ కాకపోతే డబ్బు వాపసు ఇవ్వాలి. వారంటీ ఉండగా అదే రోగం మళ్ళీ మళ్ళీ వస్తే కొన్నవాడి చేతికి బలం వస్తుంది. కానీ ఆ 'మళ్ళీ మళ్ళీ' అనేదానికి కాగితం ఉండాలి. ఆ కాగితం రాసే మహానుభావుడు ఎవరు? నేనే.

కారు వచ్చినప్పుడల్లా జాబ్ కార్డు అని ఒకటి రాస్తాం. ఓనరు చెప్పిన ఫిర్యాదు అందులో రాసి, ఆయన సంతకం తీసుకోవాలి. ఒకే ఫిర్యాదు మూడుసార్లు ఎక్కితే కంపెనీ కంప్యూటర్లో ఆ కారు ఎర్రగా మారుతుంది. మేనేజరుకు పైనుంచి ఫోను వస్తుంది, మేనేజరు నుంచి నాకు వస్తుంది. అందుకని ఏ అడ్వైజరూ ఒకే ఫిర్యాదును ఒకే పేరుతో రెండుసార్లు రాయడు. ఇది మాకు నేర్పించిన మొదటి విద్య. ఆయన కారుకు మొదటిసారి 'పికప్ తక్కువ' అని రాశాను. రెండోసారి 'ఇంజను శబ్దం'. మూడోసారి 'జనరల్ చెకప్'. నాలుగోసారి ఏం రాయాలో తోచక 'వాటర్ వాష్' అని రాశాను. మనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మిట్ట దిగి వస్తే, కారు కడిగించుకోవడానికి వచ్చాడని రాశాను. తూ!

"ఏం రాసినావప్పా?" అని ప్రతిసారీ అడిగేవాడు.

"మీరు చెప్పిందే అప్పా."

ఆ ఇంగ్లీషు కాగితాన్ని ఎడమ కన్ను మూసి ఒకసారి చూసి, కన్నడంలో గుండ్రంగా సహి చేసేవాడు. పేరు కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. అంత శ్రద్ధగా సంతకం చేసేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

అయిదోసారి వచ్చినప్పుడు కారు కడుగుతుంటే ముందు సీటు కింద గుండ్రాయి ఒకటి దొరికింది. రెండు పిడికిళ్ళంత ఉంది. చెత్తనుకుని మావాళ్ళు గోడ అవతల పారేశారు. సాయంత్రం తాళం తీసుకుని, డోరు తెరిచి చూసి, నన్ను పిలిచాడు.

"నా రాయి యాడ?"

"ఏం రాయప్పా?"

"మిట్టలో బండి ఆగిపోతే వెనక్కి జారకుండా చక్రానికి అడ్డం పెట్టే రాయి. మా ఆడమనిషి కాళ్ళ కాడ పెట్టుకొని కూచుంటుంది. బండి ఆగిన తక్షణం ఆమె దిగి పెడుతుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పి, అయినా పెడుతుంది. రాయి ఇచ్చేదాకా నేను పోను."

మేం ముగ్గురం టార్చి పట్టుకుని గోడ అవతల ముళ్ళ కంపల్లో ఆ రాయి వెతికాం. నేను లోపల్లోపల ఆయన్ని తిట్టుకున్నాను. లక్షలు పోసి కారు కొని, భార్య కాళ్ళ దగ్గర గుండ్రాయి పెట్టుకుని తిరుగుతున్న మనిషిని చూసి మాకు వచ్చింది విసుగే. ఆ రాయి ఎవరి నెత్తిన కొట్టాల్సినదో మాకు ఒక్కరికీ తోచలేదు.

ఇక మార్కుల సంగతి. కారు ఇంటికి వెళ్ళిన మర్నాడు కంపెనీ నుంచి ఓనరుకు ఫోను వస్తుంది. 'సర్వీసుకు పదికి ఎన్ని మార్కులు ఇస్తారు?' అని అడుగుతారు. పది ఇస్తేనే పాసు. తొమ్మిదీ సున్నా మాకు ఒకటే, నెల చివర జీతంలో కోత. అందుకని తాళం ఇచ్చేటప్పుడు ఓనర్ల కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తాం. ఆయన దగ్గరా చేశాను.

"అప్పా, రేపు ఫోనొస్తుంది, కన్నడంలోనే మాట్లాడతారు. పదికి పది చెప్పండి. తొమ్మిది చెప్పినా నేను ఫెయిలే."

"తొమ్మిది తెచ్చుకున్నోడు ఫెయిలా? అది యా ఇస్కూలప్పా?"

"మా కంపెనీ అట్లాంటిది అప్పా. నా పొట్ట కొట్టద్దండి."

"నీకు పిల్లోళ్ళు ఎంతమంది?"

"ఇద్దరు."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "సరే, పో" అన్నాడు. పది ఇచ్చాడు. తర్వాత ప్రతిసారీ ఇచ్చాడు. కారు బాగుపడక తిరిగి తిరిగి వస్తున్న మనిషి, వచ్చినప్పుడల్లా పదికి పది ఇచ్చి వెళ్ళాడు. మా ప్రాంతంలో ఇది ఉంది. ఎదుటివాడు పొట్టకూటి మాట ఎత్తితే నోరు కట్టేసుకుంటారు. ఫోనులో అడిగేది మార్కులు కాదని, తమకు వ్యతిరేకంగా సాక్ష్యమని వాళ్ళకేం తెలుసు? నాకు తెలుసు. ఆ ఫోన్లన్నీ రికార్డు అవుతాయని మాకు ట్రైనింగులో చెప్పారు.

ఏడోసారి ఆయన కారు తోలుకుంటూ రాలేదు. బాగేపల్లి దాటాక హైవే మీద మిట్టలో ఆగిపోతే లాగించుకొచ్చాడు. లోపల భార్య, మనవరాలు ఉన్నారట. వెనక వస్తున్న లారీ బ్రేకులు కీచుమని, అడ్డం తిరిగి, జానెడు దూరంలో ఆగిందట. రాయి పెట్టడానికి దిగిన ఆమెకూ లారీకీ మధ్య ఉన్న ఖాళీ ఆయన నాకు రెండు చేతులతో చూపించాడు. ఆ రోజు తువ్వాలు పరచలేదు, కూర్చోలేదు.

"ఇంక రిపేరీ వద్దు. ఒగటి కొత్త బండి ఇయ్యండి, లేదంటే దుడ్డు వాపసు ఇయ్యండి. నాకు ఈ బండి వద్దు."

మా మేనేజరు అద్దాల గదిలోంచి బయటికి వచ్చి, "కారు మార్చేదంటే చొక్కా మార్చేదా? పోయి కోర్టులో వేసుకోండి" అన్నాడు. ఎవరూ వేయరన్న ధైర్యం. ఆయన వేశాడు. వాళ్ళ ఊళ్ళో రిటైరైన కన్నడ మేష్ట్రుతో అర్జీ రాయించుకుని, వకీలు లేకుండా తనే జిల్లా గ్రాహకుల కోర్టుకు, అదే వినియోగదారుల కోర్టుకు, వెళ్ళి ఇచ్చాడు. అమ్మిన మమ్మల్నీ, తయారుచేసిన కంపెనీనీ ఇద్దర్నీ ఎక్కించాడు. వకీలు లేకున్నా వేయొచ్చని మాలో సగం మందికి అప్పుడే తెలిసింది.

కంపెనీ తరఫున బెంగళూరు నుంచి లాయరు వచ్చాడు. ఆ లాయరు ఏమీ కష్టపడలేదు. ఏడు జాబ్ కార్డులు బల్ల మీద వరసగా పెట్టాడు. ఏ రెండింటిలోనూ ఒకే ఫిర్యాదు లేదు, అన్నింటికిందా గుండ్రటి సహి. తర్వాత ఏడు ఫోన్ల రికార్డింగులు. ఆఖరిదాన్లో కూడా, లారీ తప్పిపోయిన వారానికే, కారు తిరిగి ఇస్తూ నేను మళ్ళీ బతిమాలిన మర్నాడు, ఆయన గొంతు నెమ్మదిగా 'హత్తు' అంటోంది. హత్తంటే కన్నడంలో పది. "ఇంత తృప్తిగా ఉన్న గ్రాహకుడు మా కంపెనీకి ఇంకొకరు లేరు" అన్నాడు లాయరు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

కోర్టు అధ్యక్షులవారు ఆయన్ని అడిగారు. "కారు ప్రమాదంగా ఉందంటారు. పదికి పది ఎందుకు ఇచ్చారు?"

"ఈ మనిషి అడిగినాడు స్వామీ. తొమ్మిదిస్తే పొట్ట కొట్టినట్లన్నాడు. ఇద్దరు పిల్లోళ్ళుండారన్నాడు."

అధ్యక్షులవారు నా వైపు తిరిగారు. ప్రమాణం చేసి సాక్ష్యం రాసిచ్చి, మేనేజరు పక్కన నిలబడి ఉన్నాను. "నిజమేనా? మీరు అడిగారా?"

"లేదు సార్" అన్నాను.

రెండు మాటలు. ఆలోచించాల్సిన అవసరం కూడా రాలేదు, నాలుక తనే అనేసింది. ఆయన కోపంగా చూస్తాడని తల వంచుకున్నాను. ఆయన నవ్వాడు. గట్టిగానే నవ్వాడు.

"ఆ పది బండికి ఇచ్చింది కాదు స్వామీ, ఈ మనిషికి ఇచ్చింది. రెండూ చెడిపోయినవే అని అప్పుడు నాకు తెలీలేదు."

కేసు కొట్టేశారు. తయారీలో లోపం ఉన్నట్టు రుజువు లేదు, నిపుణుడి రిపోర్టు లేదు, ఒకే లోపం తిరిగి తిరిగి వచ్చినట్టు కాగితాల్లో లేదు. వాళ్ళను అనడానికి లేదు, వాళ్ళ ముందున్న కాగితాలు అట్లా ఉన్నాయి. ఆ సాయంత్రం మేనేజరు నాకు బిర్యానీ తినిపించాడు. తిన్నాను కూడా. ఆర్నెల్లు తిరక్కముందే ఎవరో డాక్టరుగారు నాకు పదికి ఎనిమిది ఇచ్చారని అదే మేనేజరు నన్ను ఉద్యోగంలోంచి పీకేశాడు. ఏదో మనస్సాక్షి పొడిచి మానేశానని చెప్పుకుంటే బాగుండేది. అంత సరుకు మనదగ్గర లేదు.

ఫ్లెక్సీ ముందు నిలబడి ఇదంతా తలుచుకుని, ఊళ్ళో అడిగి ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"నువ్వు షోరూం సారు గదా."

"అవునమ్మా."

"ఆయన బతికుండినప్పుడు చింతామణి నుంచి మండికల్‌కు దారి తెలీలేదా నీకు?"

వాకిట్లోనే నిలబడ్డాను. కొడుకు లోపల్నుంచి వచ్చి కుర్చీ వేశాడు. కేసు ముగియలేదని అతను చెబితేనే నాకు తెలిసింది. బెంగళూరులో పైకోర్టుకు అప్పీలు వేశారట. ఈసారి వకీలును పెట్టుకున్నారు. నాయన పోయాక వారసులుగా వీళ్ళ పేర్లు ఎక్కిస్తున్నారు. కారు పెరట్లో టార్పాలిన్ కింద ఉంది, దాన్ని మిట్ట మీద నడిపించి పరీక్ష చేయించమని అడుగుతున్నారు. అయితే 'ఏడుసార్లు వచ్చింది ఒకే రోగంతో' అని చెప్పేవాడు ఒక్కడూ లేడు.

"వకీలు మిమ్మల్ని అడగమన్నాడన్నా. మా నాయనే వద్దన్నాడు" అన్నాడు కొడుకు.

"ఎందుకు?"

ఆమె చెప్పింది. "వాడు మళ్ళీ అబద్దమే చెప్తాడు, ఇద్దరు పిల్లోళ్ళు గల్లోడు, వాని నోటితో రెండోసారి ఎందుకు చెప్పించేది, అన్నాడు."

నాకు ఏడుపు వచ్చింది. వాళ్ళ ముందు ఏడవడానికి సిగ్గేసింది. "కాగితం ఇవ్వప్పా, రాసిస్తాను" అన్నాను. కొడుకు వెంటనే ఇవ్వలేదు. వకీలుకు ఫోను చేసి, నాకూ వినపడేలా పెట్టాడు. వకీలు తిన్నగా చెప్పాడు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పానని ఇప్పుడు రాస్తే అది నా మీదికే తిరుగుతుందట, కేసు కూడా కావచ్చట, ఇంటికి వెళ్ళి పెళ్ళాంతో మాట్లాడుకుని రమ్మన్నాడు. నేను అప్పటికే పెన్ను తీశాను. ఇంటికి వెళితే మళ్ళీ రానని నా సంగతి నాకు తెలుసు.

మూడు పేజీలు రాశాను. కంప్యూటర్లో ఎర్రగా మారకుండా ఏ ఫిర్యాదుకు ఏ పేరు పెట్టానో, టెస్ట్ డ్రైవ్ అని ఎక్కడికి వెళ్ళామో, పది అడిగి తీసుకున్నది నేనేనని, కోర్టులో లేదన్నది అబద్ధమని. కొడుకు తీసుకుని గట్టిగా చదివాడు. నాలుగోసారి దగ్గరికి వచ్చేసరికి ఆమె, "వాటర్ వాష్ అంటే?" అని అడిగింది.

"బండి కడిగేది అమ్మా" అన్నాను.

ఆమె చేతిలోని అనపకాయ చాటలో వేసి, లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

కొడుకు చదవడం ముగించాడు. ప్రతి పేజీనీ ఫొటో తీశాడు. నా ఆధార్ కార్డు అడిగి, దాని మీది పేరూ కాగితం మీది పేరూ ఒకటేనా అని అక్షరం అక్షరం సరిచూశాడు. రేపు నోటరీ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దామని, తనే వచ్చి నన్ను పిలుచుకుపోతానని అన్నాడు. నేను సంతకం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండన్నా. ఏమనుకోవద్దు. రాసింది మీరు గదా, ఇంగొగసారి చదువుకుంటా."

"చదువుకో అప్పా" అన్నాను.

అతను మళ్ళీ మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాడు.